నిటారుగా కనిపించిన అంకె

ఫిబ్రవరి 9

దవడ విరిగింది. పై పళ్లనీ కింది పళ్లనీ తీగలతో కలిపి బిగించారు, గోనెసంచి మూతి కుట్టినట్టు. మాట్లాడకూడదట. వాంతి వస్తే ఊపిరాడక చస్తానని, తీగలు తెంపుకోవడానికి ఒక చిన్న కత్తెరను తాడుకట్టి మెడలో వేలాడదీశారు. ఇన్నేళ్లు విమానాలు నడిపిన మనిషికి దక్కిన పతకం ఇది.

నోరు కట్టేశారు కాబట్టి రాస్తున్నాను. ఎవరికీ చూపించను.

వాడు నన్ను కొట్టాడు.

ఫిబ్రవరి 10

వాడు నన్ను కొట్టాడు. నా కో-పైలట్. నా పక్క సీట్లో కూర్చుని, నా విమానంలో, టార్చిలైటుతో నా మొహం పగలగొట్టాడు. అందరూ వాణ్ని బక్కోడు అంటారు. గాలేస్తే ఎగిరిపోతాడనుకునేవాణ్ని. ఆ బక్క చేతిలో అంత బలం ఎక్కడిది?

ఫిబ్రవరి 11

నొప్పి మాత్ర పనిచేస్తోంది. జరిగింది జరిగినట్టు రాయాలి.

ఇంటికి వస్తున్నాం. దక్షిణంగా, కొండల మీదుగా. వెనక పొట్టభాగంలో రేకు చిరిగింది. బాంబు పేలినట్టు చప్పుడు. లోపలి గాలంతా ఒక్క గుక్కలో బయటికి పోయింది. చెవుల్లో మేకులు దిగాయి. కాక్‌పిట్ నిండా తెల్లటి మంచు, నా మోకాళ్లు నాకే కనబడలేదు. పటం ముక్కలు, కాగితం కప్పులు, ఎవరిదో చెప్పు, అన్నీ గాల్లో తిరుగుతున్నాయి. మాస్కు తగిలించుకున్నాను. వాడూ తగిలించుకున్నాడు.

మైదానం మీదైతే ఆలోచించే పని లేదు. ముక్కు కిందికి వంచి, ఊపిరి పీల్చుకోగల ఎత్తుకి దూకెయ్యడమే. కొండల మీద అలా కాదు. దూకితే రాయి తగులుతుంది, దూకకపోతే వెనక జనం ఊపిరాడక పోతారు. వాళ్ల మాస్కుల్లో గాలి కాసేపే వస్తుంది. ఆ కాసేపట్లో ఏ లోయ వైపు తిరిగి దిగాలో చెప్పడానికి ఒక చార్టు ఉంటుంది. ఒక కాగితం, దాని మీద ఒక బాణం, ఒక దిశ అంకె. అంతే.

చార్టు తీశాను. 092. సున్నా తొమ్మిది రెండు. తూర్పు. మేం దక్షిణంగా వెళ్తున్నాం కాబట్టి ఎడమకి. బాణం కూడా ఎడమకే ఉంది. నా రెండు కళ్లతో చూశాను. దిశ తిప్పాను.

పక్కనుంచి వాడు ఏదో అరిచాడు. మాస్కులో అరుపు అరుపులా ఉండదు, సైకిల్ ట్యూబు కోసినట్టు ఉంటుంది. దిశ తిప్పే నా మీట మీదికి వాడి చెయ్యి వచ్చింది. కొట్టి తోసేశాను. మళ్లీ వచ్చింది. మళ్లీ కొట్టి తోసేశాను.

ఆ తర్వాత వాడు టార్చి తీసి నన్ను కొట్టాడు.

తెలివి వచ్చేసరికి నోటి నిండా రక్తం, మాస్కు నిండా రక్తం. ఒడిలో ఉన్న చార్టు రక్తంలో ముద్దయిపోయింది. అద్దంలోంచి కింద పచ్చటి లోయ. విమానం వాడి చేతుల్లో ఉంది. వాడు ఏడుస్తూ నడుపుతున్నాడు.

అందరూ బతికారు. అయితే ఏంటి?

ఫిబ్రవరి 14

మా ఆవిడ పొద్దున్నే అన్నం, పప్పు, కూరగాయలు కలిపి మిక్సీలో తిప్పి, గొట్టం వేసి తాగించింది. గ్లాసులో కలిపే చెంచా లాక్కుని గోడకేసి కొట్టాను. ఆవిడ నిదానంగా చెంచా ఏరుకొచ్చింది.

"పెళ్లయ్యాక మొదటిసారి ఈ ఇంట్లో నా మాట ఒక్కటే వినబడుతోంది. కొంచెం అనుభవించనివ్వండి," అంది.

బళ్లో లెక్కల టీచరు. తన నోటికి ఎవరూ తీగలు వెయ్యలేరు.

కంపెనీకి ఫిర్యాదు రాశాను. "కో-పైలట్ అకారణంగా కెప్టెన్ మీద దాడి చేశాడు." అకారణంగా అనే మాట కొట్టేశాను. మళ్లీ రాశాను. చివర ఒక సలహా కూడా చేర్చాను: ఎలాంటి పరిస్థితిలోనూ కో-పైలట్ అనేవాడు కెప్టెన్ మీద గానీ, కెప్టెన్ చేతిలో ఉన్న మీట మీద గానీ చెయ్యి వెయ్యకూడదని ఉత్తర్వు ఇవ్వాలి.

ఫిబ్రవరి 15

ఉత్తర్వు ఇచ్చేశారు. నా మాటలు నా మాటల్లాగే ఉన్నాయి. బక్కోణ్ణి పనిలోంచి పక్కన పెట్టారు. పోలీసు కేసు సంగతి విచారణ అయ్యాక చూస్తారట.

చాలా హాయిగా ఉంది.

ఫిబ్రవరి 17

కుట్లు చూపించుకోవడానికి ఆసుపత్రికి వెళ్లాను. అదే వరసలో, చక్రాల కుర్చీలో, మా విమానంలో పనిచేసే అమ్మాయి ఉంది. రేకు చిరిగినప్పుడు తిండి ట్రాలీ గాల్లోకి లేచి ఆమె కాలు మీద పడింది. మోకాలి కింద తీసేశారు. దుప్పటి అక్కడితో చదునుగా అయిపోయింది. నేను దుప్పటి వైపు చూడకూడదనుకుంటూనే చూశాను.

"సార్, మీరు లేకపోతే మేమెవ్వరం ఉండేవాళ్లం కాదు," అని నా చెయ్యి పట్టుకుంది.

నేను మాట్లాడలేను కదా. తల ఊపాను.

ఫిబ్రవరి 20

విచారణాధికారి ఆ చార్టు కొత్త ప్రతి ఒకటి పంపించాడు. కవరు చించి చూశాను. 260. పడమర. కుడికి.

ఎవడో మార్చి పంపించాడు.

ఫిబ్రవరి 21

మార్చలేదు. ఆఫీసులో ఉన్న స్నేహితుణ్ని అడిగించాను. మొదటినుంచీ 260యే.

ఇప్పుడు గుర్తొస్తోంది. కిందికి దిగేటప్పుడు మనం ఉన్న దారిలోనే దిగకూడదు, కింద ఇంకో విమానం ఉండొచ్చు. ముందు కాస్త ఎడమకి జరిగి దారి తప్పుకుని, ఆ తర్వాత కుడికి తిరిగి లోయలోకి వెళ్దామనుకున్నాను. అదీ నా ఉద్దేశం. వాడు తొందరపడ్డాడు. ఆ మాటే విచారణకి రాసి పంపించాను.

పైన 11న రాసింది మందు మత్తులో రాసింది. చింపేద్దామనుకున్నాను. డైరీ చింపడం దేనికిలే అని ఊరుకున్నాను.

ఫిబ్రవరి 22

ముందు ఎడమకి జరిగి, ఆ తర్వాత కుడికి. అవును. అదే.

ఫిబ్రవరి 25

ఆఫీసు వరండాలో వాడు ఎదురుపడ్డాడు. విచారణకి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, కింద కుర్రకుంకల బూట్లు. నన్ను చూసి గోడకి తప్పుకున్నాడు. అలా తప్పుకోవడం చూసేసరికి నా ఒళ్లు మండిపోయింది. కాలరు పట్టుకుని గోడకేసి కొట్టాను. తల గోడకి తగిలి నోటీసు బోర్డు అద్దం పగిలింది. ఇంకోసారి కొట్టాను. పళ్ల సందుల్లోంచి బుస్సుమని ఉమ్మి తప్ప నాకు మాట రాలేదు. కాపలావాడు పరిగెత్తుకొచ్చి నా నడుం పట్టుకుని లాగాడు.

వాడు చెయ్యెత్తలేదు. రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని నిలబడ్డాడు. చెవి వెనకనుంచి రక్తం కారుతోంది. ఏదో అడిగాడు. ఇక్కడ రాసేంత విషయం కాదు.

ఫిబ్రవరి 26

తలకి నాలుగు కుట్లు పడ్డాయట. ఫిర్యాదు ఇవ్వనన్నాడట. గొప్పలు.

మార్చి 2

బక్కోడి అక్క మా ఆవిడ పనిచేసే బళ్లోనే డ్రాయింగ్ టీచరు. ఇవాళ టీచర్ల గదిలో ఏడ్చిందట. వాడు ఇంట్లో చేతులు ఒళ్లో పెట్టుకుని వాటివంకే చూస్తూ కూర్చుంటున్నాడట. కూరగాయల కత్తి ముట్టుకోవడం లేదట. మూడేళ్ల కూతుర్ని ఎత్తుకోవడం మానేశాడట. పిల్ల కాళ్లు పట్టుకుని గుంజినా దూరంగా జరుగుతున్నాడట.

"ఎందుకట?" అని పలక మీద రాశాను.

"తను మనిషిని చంపగలడని భయమట. ఎందుకు కొట్టాడో వాడికే గుర్తు లేదట. మానసిక డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నారు," అంది. తర్వాత నావంక చూసి, "మీకైనా తెలుసా, వాడెందుకు కొట్టాడో?" అంది.

పలక తుడిచేశాను.

మార్చి 3

వరండాలో వాడు అడిగింది ఇది: "సార్, ఒక్కటి చెప్పండి. నా మాస్కు ఊడిపోయిందా? మధ్యలో నాకేమీ గుర్తులేదు సార్. టార్చి పట్టుకున్నది గుర్తుంది. అంతకుముందు ఏం జరిగిందో మీకు తెలుసు కదా."

మాస్కు లేకుండా ఆ ఎత్తులో మెదడు తడిసిన అగ్గిపుల్ల. రెండు గీతలు గీస్తే పోతుంది. గుర్తుండకపోవడంలో వింతేమీ లేదు.

మార్చి 6

చార్టులు గీసే ఆవిడ వచ్చింది. ఇవి కొత్త చార్టులు, కిందటేడు ఆవిడే తయారుచేసింది. ముందుగా ఫోన్ చేసి మా ఆవిడని అడిగి, సాయంత్రం టీ వేళకి వచ్చింది. జుట్టు ముడిలో పెన్సిలు పెట్టుకుంది. అది ఉన్న సంగతి మరచిపోయి ఇంకో పెన్సిలు కోసం సంచీ అంతా వెతికింది.

"కెప్టెన్ గారూ, మిమ్మల్ని తప్పుపట్టడానికి రాలేదు. నా కాగితం ఏం చేసిందో తెలుసుకోవాలి. దీన్ని మీరు ఎలా చదువుతారో నాకు చూపించండి చాలు," అంది.

చార్టు బల్లమీద నా ముందు పెట్టింది. ముద్దలా లావుపాటి అంకెలు. "మంచులో కూడా కనబడాలని ఇంత పెద్దవి పెట్టాం," అని చెప్పింది.

"దక్షిణంగా ఇంటికి వస్తున్నారు. గాలి పోయింది. ఎటు తిరుగుతారు?"

నేను చేయి చాపి కాగితం తీసుకున్నాను. తలకిందులుగా తిప్పాను. పలకమీద 092 అని రాశాను.

ఆవిడ కాగితం వైపు, నా చేతి వైపు మార్చి మార్చి చూసింది. అప్పుడు నేనూ చూశాను.

పాత చార్టుల్లో రెండు దారులకీ ఒకటే కాగితం. ఉత్తరం పైన. వెళ్లేటప్పుడు నిటారుగా పట్టుకునేవాళ్లం, వచ్చేటప్పుడు తిప్పి పట్టుకునేవాళ్లం. తిప్పితే సగం అక్షరాలు తలకిందులవుతాయి, అవి మనవి కావు. ఏ అంకె నిటారుగా కనిపిస్తే అది మనది. నా జీవితమంతా అలాగే చదివాను. ఇంటికి వస్తున్నానంటే నా చెయ్యి కాగితం తిప్పుతుంది. కొత్త చార్టుల్లో వచ్చే దారికి వేరే కాగితం, ముందే తిప్పి అచ్చేశారు. నేను దాన్ని మళ్లీ తిప్పాను. అక్షరాలన్నీ తలకిందులయ్యాయి, అది నాకు అలవాటే. 260 తలకిందులైతే 092. నిటారుగా, లావుగా, తప్పు అనే అనుమానమే రాకుండా.

కొత్తగా వచ్చిన బక్కోడికి పాత చార్టు తెలియదు. వాడు కాగితాన్ని ఇచ్చినది ఇచ్చినట్టు చదివాడు.

"అయ్యో," అంది ఆవిడ. చాలా చిన్నగా అంది. ఆ జాలి నేను భరించలేకపోయాను. బల్ల ఎత్తి తిరగేశాను. టీ కెటిల్ ఆవిడ చేతిమీద పడింది. కెవ్వున అరిచింది. పలక తీసి గోడకి కొట్టాను, ముక్కలైంది. కుర్చీ కాలితో తన్నాను. తీగల వెనక నాలిక తెగి నోట్లో ఉప్పగా రక్తం.

మా ఆవిడ ఆమె చేతిని కుళాయి కింద పెట్టి, నావంక తిరిగింది. "మీ దవడ బాగుండి ఉంటే ఇప్పుడు నేను పగలగొట్టేదాన్ని," అంది.

మార్చి 7

చార్టుల ఆవిడ మాస్కు గురించి అడగలేదు. అడగనిదానికి నేనెందుకు చెప్పాలి?

మార్చి 7, మళ్లీ

రాస్తాను. ఇక్కడైనా రాస్తాను.

వాడి చెయ్యి మూడోసారి నా మీట మీదికి వచ్చింది. దిశ కుడికి తిప్పేస్తున్నాడు. వీడు నా జనాన్ని కొండకి కొట్టేస్తున్నాడనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను. వాడి మాస్కు గొట్టం పట్టుకుని గుంజాను. మాస్కు ఊడి వచ్చింది. వాడు నోరు తెరిచాడు. రెండు చేతులతో మాస్కు కోసం తడుముకున్నాడు. నేను ఇవ్వలేదు. గొట్టం నా మోచేతికి చుట్టుకుని పట్టుకున్నాను. వాడి పెదవులు నేరేడుపండు రంగుకి తిరిగాయి. కళ్లు పైకి వెళ్లిపోతున్నాయి. ఇంకొంచెంసేపు పట్టుకుంటే చాలు, నా పని నేను చేసుకోవచ్చనుకున్నాను.

చంపేస్తున్నాను వాణ్ని. ఆ సంగతి నాకు ఆ క్షణాన తెలుసు.

వాడి చేతికి టార్చి ఎలా దొరికిందో తెలియదు. ఎడమ కిటికీలో మంచు పక్కకి తొలిగి, గోడలా నల్లటి కొండ కనిపించింది. ఆ తర్వాత టార్చి వచ్చింది.

మార్చి 8

ఈ సంగతి వాడికి గుర్తులేదు. నా ఒక్కడికే తెలుసు.

చెబితే నేను జైలుకి పోతాను. చెప్పకపోతే వాడి ఉద్యోగం పోతుంది. ఉద్యోగం పోయినంత మాత్రాన మనిషి చావడు. కుర్రవాడు, ఇంకోటి చూసుకుంటాడు.

మార్చి 10

చార్టు మీద సిమ్యులేటర్‌లో పరీక్ష పెడతారట. కాలిన చేతికి కట్టుతో ఆవిడే పట్టుబట్టిందట. తప్పు తన కాగితంలో ఉందో లేదో తేల్చాలట. నన్ను రమ్మన్నారు. నాకు ఇష్టమైతేనే అన్నారు.

వెళ్తాను. సరిగ్గా చదివి చూపిస్తాను. ఇంట్లో ఏదో కంగారులో తిప్పాను, కాక్‌పిట్‌లో అలా చెయ్యనని రుజువవుతుంది. ముందు ఎడమకి జరిగి ఆ తర్వాత కుడికి అన్న నా మాట నిలబడిపోతుంది.

మార్చి 11 నుంచి 19

రోజూ సాధన. కాగితం ఇచ్చింది ఇచ్చినట్టు. తిప్పొద్దు. 260. తిప్పొద్దు. 260. చెయ్యి కదిలితే స్కేలుతో కొట్టుకుంటున్నాను. మణికట్టు వాచిపోయింది. ఇప్పుడు తప్పు రావడం లేదు.

మా ఆవిడ గుమ్మంలో నిలబడి చూసింది. "దేనికి ఈ సాధన?" అంది. "నిజం చెప్పడానికైతే ఇంత కష్టపడక్కర్లేదే."

మార్చి 20

తీగలు తీసేశారు. నోరు తెరుచుకుంది. చెప్పడానికి ఏమీ తోచలేదు.

మార్చి 24

ఇవాళ జరిగింది.

సిమ్యులేటర్ అంటే ఇనుప కాళ్లమీద నిలబెట్టిన కాక్‌పిట్. లోపల అంతా నిజం, బయట అంతా బొమ్మ. విచారణాధికారి మా వెనక సీట్లో కూర్చున్నాడు. మాట తక్కువ మనిషి, లవంగం నములుతుంటాడు. చార్టుల ఆవిడ అతని పక్కన కూర్చుంది. నా పక్క సీట్లో బక్కోడు. వాడు ఇంకా బక్కబడ్డాడు. తలమీద కుట్ల చోట జుట్టు మొలవలేదు.

వాడికి ఉత్తర్వు చదివి వినిపించారు. నేను రాయించిన ఉత్తర్వే. కెప్టెన్ మీద గానీ, కెప్టెన్ చేతిలో ఉన్న మీట మీద గానీ చెయ్యి వెయ్యకూడదు. నోటితో చెప్పొచ్చు. వాడు తల ఊపి, రెండు అరచేతులూ తొడల కింద పెట్టుకుని వాటిమీద కూర్చున్నాడు. బళ్లో అల్లరి చేసినందుకు కూర్చోబెట్టిన పిల్లాడిలా.

బల్లమీద కాగితం పెడతారనుకున్నాను. వీళ్లు నిజం మాస్కులు పెట్టారు. పేలుడు చప్పుడు పెట్టారు. తెల్లటి పొగ వదిలారు. సీటు కొట్టినట్టు అదిరింది. నా దవడలో కొత్తగా అతుక్కున్న ఎముక కలుక్కుమంది. చెవుల్లో నా ఊపిరే హోరు. ఒక్కసారిగా నేను ఆ రోజులోకి పోయి పడ్డాను. సాధన, స్కేలు, 260, ఏవీ లేవు. ఇంటికి వస్తున్నాం. గాలి పోయింది.

చార్టు తీశాను. నా చెయ్యి దాన్ని తిప్పింది.

నేను చూస్తూనే ఉన్నాను. చెయ్యి నాది. కాగితం తిరిగింది. 092, లావుగా, నిటారుగా. దిశ ఎడమకి తిప్పాను.

"కుడి సార్! కుడి!" బక్కోడు అరిచాడు. "సార్, కాగితం తిరగేశారు, కుడి!"

వాడి చెయ్యి ఒక్క క్షణం తొడ కిందనుంచి లేచింది. మీట దాకా రాకుండానే వెనక్కి లాక్కుని మళ్లీ దాని మీద కూర్చున్నాడు. పొగ విడిపోయింది. ఎడమ కిటికీలో కొండ. బొమ్మ కొండ అని నాకు తెలుసు. అయినా వీపు సీటుకి అదుముకున్నాను. అది పెరుగుతోంది, కిటికీ దాటింది, ముందు అద్దం నిండింది. రాళ్ల మధ్య మంచు చారలు కనబడుతున్నాయి.

"కొట్టు!" అని అరిచాను. "కొట్టరా! టార్చి తీసి కొట్టు!"

వాడు ఏడుస్తున్నాడు. చేతులమీద కూర్చుని, ముందుకీ వెనక్కీ ఊగుతూ, "కుడి సార్, కుడి సార్, కుడి సార్," అంటున్నాడు. చెయ్యి మాత్రం తియ్యలేదు.

కొండ తగిలింది. సీటు ఒక్క పోటు పొడిచింది. బెల్టు కోసుకుపోయింది. తల వెనక్కి కొట్టుకుంది. తెరలన్నీ ఎర్రబడి ఆగిపోయాయి. మోటార్ల రొద ఆగింది. లోపల పొగ, మా ఇద్దరి ఊపిరి, అంతే. ఈసారి ఎవరూ బతకలేదు. ఆ కాలు పోయిన అమ్మాయి కూడా.

అప్పుడు కిందికి చూశాను. నా కుడిచెయ్యి బక్కోడి మాస్కు గొట్టం మీద ఉంది. బిగించి పట్టుకుని ఉంది. ఎప్పుడు వెళ్లిందో నాకు తెలియదు. వాడూ నా చేతివంకే చూస్తున్నాడు.

నేను మాస్కు తీశాను. దవడ నొప్పెట్టింది.

"నేనే లాగాను," అన్నాను. "ఆ రోజు నీ మాస్కు ఊడిపోలేదు. నేను లాగేశాను. నువ్వు తడుముకుంటుంటే ఇవ్వలేదు. నీ పెదవులు నల్లబడేదాకా పట్టుకున్నాను. ఇంకొంచెం ఉంటే చచ్చేవాడివి. నువ్వు కొట్టకపోతే అందరం చచ్చేవాళ్లం. కాగితం తిరగేసింది నేనే. ఎడమకి జరిగి కుడికి తిరగడం లాంటిదేమీ లేదు. అది నేను అల్లింది."

వెనకనుంచి విచారణాధికారి, "మళ్లీ చెప్పండి కెప్టెన్," అన్నాడు. మళ్లీ చెప్పాను. రెండోసారి సులువుగా వచ్చింది.

బక్కోడు నన్ను చంపుతాడనుకున్నాను. చంపితే బావుణ్ణనుకున్నాను. టార్చి వాడి చేతికి అందేచోటే ఉంది. వాడు మెల్లగా తొడల కిందనుంచి చేతులు తీశాడు. అరచేతులు తెల్లగా పాలిపోయి, సీటు కుట్లు అచ్చుపడి ఉన్నాయి. వాటిని మొహం దగ్గర పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అయితే నాకు పిచ్చి లేదన్నమాట," అన్నాడు. నాతో కాదు.

లేచి బయటికి పోయాడు. వరండాలో ఫోన్‌లో మాట్లాడుతుంటే తలుపు సందులోంచి వినబడింది. "పాపని లేపు. పడుకుంటే లేపు. వచ్చి ఎత్తుకుంటాను."

మార్చి 25

లైసెన్సు ఇచ్చేశాను. వాడి మీద పెట్టాలనుకున్న కేసు నా మీద పెట్టారు. ఉత్తర్వు రద్దు చేశారు.

మా ఆవిడ పొద్దున్న నా ముందు కంచం పెట్టింది. మిక్సీలో తిప్పని అన్నం. "నమిలి తినండి," అంది. ఇంకేమీ అనలేదు. నమిలాను.

మే 19

చార్టుల ఆవిడ ఫోన్ చేసింది. చెయ్యి మానిందట, మచ్చ మిగిలిందట. క్షమించమన్నాను. అది పక్కన పెట్టి, "మీ చెయ్యి కావాలి," అంది. ఆ పాత అలవాటున్న పైలట్లు ఇంకా బోలెడుమంది ఎగురుతున్నారు. వాళ్లందరి చేతులూ తిప్పుతాయి. వద్దని చెబితే ఆగవని నన్ను చూశాక ఆవిడకి అర్థమైంది.

కేసు తేలేదాకా బెయిలు మీద బయటే ఉన్నాను కాబట్టి వెళ్లాను. సిమ్యులేటర్‌లో మాస్కు పెట్టుకుని పొగలో కూర్చున్నాను. అంకె కింద గీత గీసింది. తిప్పాను. పైన విమానం ముక్కు బొమ్మ వేసింది. తిప్పాను. రంగు మార్చింది. తిప్పాను. ప్రతిసారీ కొండ వచ్చి తగిలింది. ప్రతిసారీ ఆవిడ రాసుకుని, "సరే, ఇదీ పనికిరాదు," అంది.

జూన్ 11

ఇవాళ ఆవిడ కాగితానికి ఒక మూల కత్తిరించి తెచ్చింది. సీటు ముందున్న క్లిప్పులో ఒక మూల ఇనుప పళ్లు పెట్టించింది, కత్తిరించిన మూల అక్కడికొస్తేనే కాగితం దూరేలా. పొగ, చప్పుడు, మాస్కు. చార్టు తీశాను. నా చెయ్యి తిప్పింది. క్లిప్పులో పెట్టాను. దూరలేదు. పిడికిలితో గుద్దాను. దూరలేదు. తిట్టి మళ్లీ గుద్దాను. కణుపులు తెగి రక్తం కాగితానికి అంటింది. దూరలేదు. ఇక చేసేదేమీ లేక తిరగేసి పెట్టాను. టక్కున కూర్చుంది.

260. కుడికి తిప్పాను. లోయ వచ్చింది.

వచ్చే నెల బక్కోడు మళ్లీ పనిలో చేరి అదే దారిలో వెళ్తున్నాడు. ఆ కాగితం, ఆ క్లిప్పు వాడి కెప్టెన్ ముందు ఉంటాయి.